రెండు గంటల యాభై నిమిషాలు

"ఆ పెట్టె టేబుల్ మీంచి తియ్యవే, తినే చోటది" అంది అమ్మ, పదకొండోసారి.

"తియ్యను. ఆయన వచ్చి చూడాలి" అంది అక్క, పదకొండోసారి.

నిన్న సాయంత్రం నుంచి అక్క సర్దుకొచ్చిన బట్టల పెట్టె మా డైనింగ్ టేబుల్‌ని ఆక్రమించుకుని ఉంది. ఎవరో పెద్దాయన మధ్యలో పడుకుంటే లేపడానికి మొహమాటపడుతున్నట్టు, మేం నలుగురం దాని చుట్టూ పళ్ళాలు పెట్టుకుని చప్పుడు కాకుండా తింటున్నాం. ఉప్పు కావాలంటే పెట్టె అవతలున్న వాళ్ళకి అర్జీ పెట్టుకోవాల్సి వస్తోంది.

ఈ గొడవ విషయంలో మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి. అంతా నా వల్లే జరిగిందనే అమ్మ వర్గం, అంతా నా వల్లే జరిగిందనే నాన్న వర్గం. రెండు వర్గాలకీ నా మద్దతు ఉంది.

నిన్న మధ్యాహ్నం నేను చేసిందల్లా ఒక సైటు తెరవడం. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్యలో దూరమెంతో, ఎగరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే సైటు. ఊరికే, పొద్దుపోక, బావ వెళ్ళొచ్చే రెండూ కొట్టాను. తొమ్మిది వేల తొమ్మిది వందల కిలోమీటర్లు. పదకొండు గంటల నలభై నిమిషాలు.

"బావ పద్నాలుగున్నర గంటలంటాడుగా" అన్నాను అక్కకి చూపిస్తూ. "మిగతా రెండు గంటల యాభై నిమిషాలూ ఏ ఇంట్లో కాఫీ తాగుతున్నాడంటావ్?"

పుట్టినప్పటి నుంచి సుమారు నాలుగు వేల జోకులు వేసి ఉంటాను. ఒక మనిషి నమ్మింది మాత్రం దీన్నొక్కదాన్నే.

ఆ మనిషి కూడా ఎలాంటి మనిషి? అక్క కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకలో సగం తేడా వస్తే పట్టుకుని, అద్దం పక్కన పారేసి, మళ్ళీ మొదలుపెడుతుంది. అలాంటిదాని చేతికి రెండు గంటల యాభై నిమిషాల తేడా అందించాను.

బావ కో-పైలట్. ఇక్కడ ఎక్కితే భూమికి అటువైపు దిగుతాడు. మూడు రోజుల ట్రిప్పు. ఎక్కేముందు ఫోను ఆపేస్తాడు. సరిగ్గా పద్నాలుగున్నర గంటల తర్వాత 'దిగాను' అని మెసేజ్ పెడతాడు. పెళ్ళయిన నాలుగేళ్ళ నుంచీ అక్క ఆ ఒక్క మాట కోసం మేలుకుని కూర్చుంటుంది.

బెల్ మోగింది.

బావ లోపలికి వచ్చి ముందు పెట్టెని చూశాడు, తర్వాత అక్కని.

"ఇదేంటి? ఫోనెత్తవు. ఇంటికెళ్తే తాళం. ఏమైంది నీకు?"

"కూర్చోవక్కర్లేదు. ఎక్కువసేపు ఉండరుగా మీరు" అంది అక్క.

మామూలుగా అక్క బావని నువ్వు అంటుంది. కోపమొచ్చి ఒరేయ్ అన్న రోజులు కూడా ఉన్నాయి. మీరు అనడం మాత్రం, ఇద్దరికీ పరిచయమైన మొదటి వారం తర్వాత ఇదే.

"పద్నాలుగున్నర గంటలు. అంతేగా మీ ప్రయాణం?"

"అంతే. కొత్తగా అడుగుతున్నావేంటి?"

"పదకొండు నలభై అంటున్నారు మరి." ఫోను పెట్టె మూత మీద పెట్టింది. "మంగళవారం పొద్దున్న ఆరింటికి గాల్లోకి లేచారు. సాయంత్రం ఐదూ నలభైకి దిగాలి. నాకు మెసేజ్ వచ్చింది ఎనిమిదిన్నరకి. మన గడియారం ప్రకారమే చెప్తున్నా. అక్కడి టైము ఇక్కడి టైము అని నన్ను తికమక పెట్టకండి. మధ్యలో ఎవరింట్లో ఉన్నారు?"

బావ నావైపు తిరిగాడు. "కోతీ, నీ పనేనా ఇది?"

"సైటు నాది కాదు బావా. ఫోను మాత్రమే నాది."

"నోర్ముయ్యవే" అంది అమ్మ. "అల్లుడుగారూ, మీరు కూర్చోండి. దాని మాటలకేం గానీ, అసలు సంగతేంటో మీరే చెప్పండి. మధ్యలో దిగి, పెట్రోలూ అదీ పోయించుకుంటారేమో?"

బావ నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి ఏం వచ్చేదో మాకెవరికీ తెలీదు. ఎందుకంటే అప్పుడే నాన్న గదిలోంచి గ్లోబు మోసుకుని వచ్చాడు.

నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్లైట్ డిస్పాచర్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే నేల మీద కూర్చుని, విమానం ఏ దారిన వెళ్ళాలో గీసి, ఎంత ఇంధనం పొయ్యాలో లెక్కకట్టి, కింద సంతకం పెట్టే ఉద్యోగం. మా చిన్నప్పుడు స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే ఎదురుగాలి ఎంత వేగంతో వీచిందో చెప్పమనేవాడు. ఆ గ్లోబు దాదాపు బస్తా అంత ఉంటుంది. దాని స్టాండుకి ఒక తెల్ల దారం కట్టి ఉంటుంది. మిగతా ఇళ్ళల్లో గొడవలు పెద్దమనుషుల దగ్గరికి వెళ్తాయి. మా ఇంట్లో ఆ దారం దగ్గరికి వస్తాయి.

"పెట్టె దించు. గ్లోబు పెట్టాలి" అన్నాడు నాన్న.

అక్క దించింది. పొద్దున్నుంచీ బతిమాలుతున్న అమ్మ ఆ పెట్టె వంక, నాన్న వంక మార్చి మార్చి చూసింది.

నాన్న దారం ఒక కొస మా ఊరి మీద, రెండో కొస అవతలి ఊరి మీద పెట్టి బిగించాడు.

"ఇది తిన్నని దారి. తొమ్మిది వేల తొమ్మిది వందలు. గంటకి తొమ్మిది వందల చొప్పున పదకొండు గంటలు. ఎక్కడానికీ దిగడానికీ నలభై నిమిషాలు. నీ ఫోను చెప్పేది ఇదే."

"అదేగా నేనూ అనేది" అంది అక్క.

"ఆగు. తిన్నగా వెళ్ళాలంటే ఈ దేశం మీంచి వెళ్ళాలి." వేలితో నొక్కాడు. "ఇక్కడేమో గొడవలు. ఆకాశం మూసేశారు. ఎవరి విమానం వెళ్ళకూడదు. అప్పుడేం చెయ్యాలి? ఇలా పైకి తిరిగి, ఈ రెండు సరస్సుల మీంచి చుట్టేసుకుని కిందికి రావాలి." దారం వంకర తిరిగింది. "పద్దెనిమిది వందల కిలోమీటర్లు ఎక్కువ. అంటే రెండు గంటలు. ఆ పైదారిలో ఎదురుగాలికి ఇంకో యాభై నిమిషాలు వేసుకో. ఎంతైంది?"

నేను వేళ్ళు లెక్కపెట్టాను. "పద్నాలుగున్నర."

"అమ్మయ్య!" అమ్మ కుర్చీలో కూలబడింది. "విన్నావా? ఆకాశం మూసేశారట! పాపం ఆయన అంత చుట్టూ తిరిగి చచ్చీ చెడీ వస్తుంటే, నువ్వు పెట్టె సర్దుకుని వచ్చేశావు. ముందు ఆయనకి కాఫీ పెట్టవే."

అక్క కదల్లేదు. దారాన్నే చూస్తోంది. అద్దం చేతిలో పట్టుకుని వెలుగులో తిప్పి చూసేటప్పుడు అలాగే చూస్తుంది.

బావ ముఖం మాత్రం తేటపడింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అదే అత్తయ్యా, నేనూ చెప్పబోయింది అదే. మొన్న మంగళవారం కూడా అంతే. ఆ దేశం మీంచి పోనివ్వరు. ఇలా చుట్టేసుకుని వెళ్ళేసరికి ప్రాణం పోయింది. గాలి కూడా మామూలుగా లేదు."

నాన్న దారం చుట్టుకుంటున్నవాడు ఆగాడు.

"మంగళవారం చుట్టూ తిరిగే వెళ్ళారా?"

"తిరిగే, మామయ్యా."

"ఈ సరస్సుల మీంచే?"

"అక్కడేగా మలుపు."

నాన్న దారాన్ని స్టాండుకి కట్టాడు. రెండు ముళ్ళు వేశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఆ ఆకాశం తెరిచి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులైంది" అన్నాడు.

బాల్కనీలో వాషింగ్ మెషీన్ ఒక్కటే గిరగిరా తిరుగుతోంది.

జనం పొద్దున్నే పేపరు చదువుతారు. నాన్న ఏ ఆకాశం మూశారో, ఏది తెరిచారో పైలట్లకి పంపే నోటీసులు చదువుతాడు. రిటైరయినా మానలేదు. అది ఒక జబ్బు అనుకుని మేం వదిలేశాం.

"నలభై ఒక్క రోజులుగా అన్ని విమానాలూ తిన్నగానే పోతున్నాయి" అన్నాడు నాన్న. "ఆ దారిలో ఒక్కసారి వెళ్ళొచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. మీకు తెలీదు."

"అంటే?" అంది అమ్మ.

"అంటే ఆయన దిగాక ఎవరింటికీ వెళ్ళలేదు. అసలు ఎక్కనే లేదు."

అమ్మ కోపం తప్పు మనిషి మీదికి మళ్ళింది. "తెలిసీ ఇందాకట్నుంచి ఆ దారం పట్టుకుని ఈ నాటకమంతా ఎందుకండీ?"

"ఆయన నోటితో ఆయనే చెప్తే మర్యాదగా ఉంటుందనుకున్నా" అన్నాడు నాన్న. గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

బావ టేబుల్ మీద చేతులు రెండూ బోర్లా పెట్టుకున్నాడు. గోళ్ళు చూసుకుంటున్నాడు.

"యాభై మూడు రోజులైంది" అన్నాడు చివరికి. "నేను విమానమెక్కి."

"మరి ప్రతిసారీ అక్కణ్ణుంచి తెచ్చే చాక్లెట్లు?" అన్నాను. ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు ఉన్నాయని నాకూ తెలుసు. నోటికి తెలీదు.

"ఇక్కడి ఎయిర్‌పోర్టులో కొన్నవే."

ఆ చాక్లెట్లు తిని, ఆ దేశపు ఆవుల గొప్పతనం గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను నేను.

"ఎక్కడున్నారు మూడేసి రోజులు?" అక్క గొంతు చాలా మామూలుగా ఉంది. అందుకే భయమేసింది.

"ట్రైనింగ్ సెంటర్ హాస్టల్లో. పైన ఒక గది ఇచ్చారు. యూనిఫాం వేసుకుని బయల్దేరేవాణ్ణి కదా, అక్కడికెళ్ళి విప్పేసి, కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. పద్నాలుగున్నర గంటలు లెక్కపెట్టుకుని మెసేజ్ పెట్టేవాణ్ణి."

"ఎందుకు ఆపారు నిన్ను?"

'నువ్వు' తిరిగి వచ్చింది. బావకి అది వినిపించినట్టుంది, తలెత్తాడు.

"దిగబోతున్నాం. ఆ రోజు రేడియో నా పని. టవర్ వాళ్ళు మూడుసార్లు పిలిచారట. నేను పలకలేదట. కెప్టెన్ భుజం పట్టుకుని ఊపితే అప్పుడు మాట్లాడానట. అర నిమిషం అంటున్నారు."

"నీకు?"

"నాకు ఒక్కసారే పిలిచినట్టుంది. వెంటనే పలికినట్టే ఉంది."

అక్క కూర్చుంది. ఇందాకట్నుంచీ నిలబడే ఉందని అప్పుడు గమనించాను.

"డాక్టర్లేమన్నారు?"

"స్కానింగుల్లో ఏమీ లేదు. నిద్ర తక్కువై ఉండొచ్చన్నారు. ఖాయంగా చెప్పలేమన్నారు. సోమవారం పదింటికి మెడికల్ బోర్డు కూర్చుంటుంది. వాళ్ళే తేల్చాలి." జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. "దీన్ని ఇంట్లో కలిసుండే మనిషి నింపాలి. అది లేకుండా కూర్చోరు."

అక్క కాగితం వైపు చెయ్యి చాపలేదు.

"అయితే నా కోసం రాలేదు. సంతకం కోసం వచ్చావు."

"రెండిటికీ."

"ఏది ముందు?"

బావ కాగితం మడతల్ని వేలితో నొక్కుతున్నాడు.

"యాభై మూడు రోజులు" అంది అక్క. "రోజూ పక్కనే పడుకుని. ఎవత్తో ఒకత్తి ఉన్నా బాగుండేది. వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోవాలి?"

"ఛీ, అవేం మాటలే!" అంది అమ్మ. కళ్ళు తుడుచుకుంటోంది.

"చెప్తే భయపడతావని..." అన్నాడు బావ.

"చెప్పకపోతే ధైర్యంగా ఉన్నానా? నిన్న సాయంత్రం దాకా నీ చొక్కాలు వాసన చూస్తూ కూర్చున్నా, పిచ్చిదాన్లా. ఇటివ్వు."

కాగితం లాక్కుని మడతలు విప్పింది. పైనున్నవన్నీ కళ్ళతోనే దాటేసి, మధ్యలో ఒకచోట ఆగి పైకి చదివింది.

"'ఈ వ్యక్తి కొద్ది సెకన్లపాటు కదలకుండా, పిలిస్తే పలకకుండా ఉండిపోవడం మీరు ఎప్పుడైనా చూశారా? అవును, లేదు. చూసి ఉంటే ఎప్పుడు, ఎంతసేపు.'"

"'లేదు' దగ్గర ఒక గీత, కింద సంతకం. అంతే" అన్నాడు బావ. "అది పడితే వచ్చే నెల నుంచి మళ్ళీ డ్యూటీ. పడకపోతే పదకొండేళ్ళు నేర్చుకున్నది ఎందుకూ పనికిరాదు. బస్సు తోలుకోనివ్వరు కూడా."

అమ్మ పెన్ను తెచ్చి పెట్టింది. ఎవరూ అడక్కుండానే. అమ్మ దృష్టిలో ఇది ఒక గీతతో తీరిపోయే కష్టం. అంత చవకగా తీరే కష్టం వచ్చినందుకు లోలోపల సంతోషంగా కూడా ఉన్నట్టుంది.

అక్క పెన్ను మూత తీసింది. 'లేదు' దగ్గరకి తీసుకెళ్ళింది. అక్కడే ఆపేసింది.

"పోయిన ఆదివారం" అంది మెల్లిగా. "పెద్దాసుపత్రి దగ్గర సిగ్నల్. పచ్చలైటు పడింది. నువ్వు కారు కదపలేదు. వెనకాల అందరూ హారన్లు. రెండుసార్లు పిలిచాను. పొద్దున్న గొడవపడ్డాంగా, నా మీద కోపంతో బిగుసుకుని కూర్చున్నావనుకున్నా. మళ్ళీ ఎర్రలైటు పడేదాకా అలాగే ఉన్నావు."

బావ నవ్వబోయాడు. నిజంగానే అర్థంకాని మనిషి నవ్వు అది.

"ఏ సిగ్నల్?"

అమ్మ ముఖంలో ఆ చవక సంతోషం ఆరిపోవడం నేను చూశాను.

"ఆసుపత్రి సిగ్నల్. మధ్యాహ్నం. నీ పక్కనే ఉన్నా నేను."

"మనం అక్కడ ఆగనే లేదు. పచ్చగా ఉంటే నేరుగా వచ్చేశాం." మా ముఖాలన్నీ ఒక్కొక్కటీ చూశాడు. "సరే, ఆగామే అనుకో. నాకే గుర్తులేదంటే అది ఎంత చిన్న విషయమో చూడు. అదీ రాస్తావా? నువ్వు తప్ప ఎవరూ చూడలేదు."

"నాన్నా" అంది అక్క, బావ మీంచి చూపు తిప్పకుండా. "నువ్వైతే ఈయన్ని పంపిస్తావా?"

నాన్న గ్లోబుని వేలితో కొంచెం తిప్పి, ఆపాడు.

"నాదొక సంతకం, కెప్టెన్‌దొక సంతకం. రెండూ పడితేనే విమానం కదిలేది. ఇద్దరిలో ఎవరు వద్దన్నా కదలదు."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పింది అదేనమ్మా. వెనకాల మూడొందల మంది కూర్చుంటారు."

"మామయ్యా!" బావ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "మీరు కూడానా? ఆ కాగితం ఇచ్చెయ్యి. నేనే ఎలాగో... ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. కింద కారు ఉంది. పద."

అక్క కాగితాన్ని అరచేత్తో నొక్కిపట్టింది.

"కోతీ" అంది. నన్ను ఎప్పుడూ అలా పిలవదు. "ఆ తాళాలు తీసుకో ఆయన దగ్గర."

నేను వెళ్ళి బావ ముందు చెయ్యి చాపాను. ఇంత పెద్ద గొడవ జరుగుతుంటే బిచ్చమడుగుతున్నట్టు నిలబడటం నాకే సిగ్గేసింది. అందుకని కొంచెం పళ్ళికిలించాను.

"తాళాలు, బావా."

ఇవ్వలేదు. నావైపే చూస్తున్నాడు.

"ఇచ్చెయ్ బావా. నేను తోలనులే, ఒట్టు. ప్రపంచ క్షేమం కోరే చెప్తున్నా."

చూస్తూనే ఉన్నాడు. రెప్ప వెయ్యకుండా చూసే ఆట మా ఇద్దరికీ అలవాటే. నేను ఇంతవరకూ ఓడిపోలేదు. నాకే ఆట నేర్పుతున్నాడనుకుని, మూతి వంకర తిప్పి, కళ్ళు పెద్దవి చేసి చూశాను. దానికి నవ్వని మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

బావ నవ్వలేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి గానీ ఆ చూపు నన్ను దాటి ఎక్కడికో పోతోంది. కుడి చెయ్యి జేబు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయి ఉంది.

"బావా?"

నా వెనకాల అమ్మ "దేవుడా" అనడం వినిపించింది. నాన్న మణికట్టు పైకెత్తి గడియారం చూసుకుంటున్నాడు, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. అక్క అరచెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది. అది ఎంతసేపో నేను చెప్పలేను. వాషింగ్ మెషీన్ ఆగిపోయి, లోపల నీళ్ళు దిగుతున్న చప్పుడు మొదలైంది.

అప్పుడు బావ చెయ్యి కదిలింది. తాళాలు బయటికి వచ్చాయి. ఎదురుగా నన్ను చూసి కనుబొమలెగరేశాడు.

"ఇరవై ఆరు సెకన్లు" అన్నాడు నాన్న, చాలా చిన్న గొంతుతో.

బావ నవ్వుతూ మా నలుగురి ముఖాలూ చూశాడు.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు? సంతకం పెట్టేసిందా?"